చేరినవాళ్ళు, నిలిచినవాళ్ళు

(అయ్యంకి వెంకట రమణయ్య గారి స్మృతిలో విజయవాడ వన్ టౌన్‌లో చేసిన ప్రసంగ పాఠం)

ఈ పూట నా ఉపన్యాసం వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళ గురించే. మీటింగుకు మొదటిసారి వచ్చినవాడు ముందు కుర్చీలో కూర్చోడు. గుమ్మానికి దగ్గరగా, కావాలంటే చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోవడానికి వీలుగా కూర్చుంటాడు. వచ్చే ఆదివారం అతను మళ్ళీ వస్తాడా, రాడా? వస్తే ఎందుకొస్తాడు? రాకపోతే మనం ఏం చేశామని రాలేదు?

అయ్యంకి వారి పేరు మీద మాట్లాడమంటే పుస్తకాల గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. గ్రంథాలయ పితామహుడన్న పేరు, 1972లో వచ్చిన పద్మశ్రీ, ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు ఆయనలో ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి. జీతం ఇవ్వలేని సంఘానికి, పదవి ఇవ్వలేని సంఘానికి ఆయన మనుషుల్ని పోగేశారు. పోగేసి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ చేతినిండా పని పెట్టారు. మొదటిది మనం కూడా చేస్తున్నాం. రెండోదాని దగ్గరే మన సంఘాలు బోల్తా పడుతున్నాయి.

ఈ ఊళ్ళో సభ్యత్వం అనగానే గుర్తుకు రావలసిన తేదీలు 1921 మార్చి 31, ఏప్రిల్ 1. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. గాంధీగారు వచ్చారు. పింగళి వెంకయ్యగారు జెండా అందించింది అప్పుడే కాబట్టి మనకు జెండా గుర్తుండిపోయింది, తీర్మానం మరుగున పడింది. ఆ తీర్మానంలో మూడు అంకెలున్నాయి. జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, ఇళ్ళల్లో ఇరవై లక్షల రాట్నాలు. ఉన్నది మూడు నెలలు. నాలుగణాలు కడితే సభ్యుడే. గడువు నాటికి డబ్బు కోటి దాటింది. మనుషులు సుమారు యాభై లక్షల దగ్గర ఆగారు. యాభై లక్షలంటే మాటలా? ఫోన్లు లేని రోజుల్లో ఊరూరా కాలినడకన తిరిగి రాసుకొచ్చిన పేర్లవి. కానీ 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా తర్వాత, ఉద్యమం ఆపెయ్యగానే ఆ సభ్యత్వం కుప్పకూలింది.

ఉద్యమం ఆగింది కాబట్టి సభ్యులు పోయారని పుస్తకాలు చెబుతాయి. నిజమే. అయితే నాలుగణాలిచ్చిన మనిషికి మర్నాడు పొద్దున ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళు ఎన్ని ఊళ్ళల్లో ఉన్నారని నాకు అనుమానం. రాట్నం చేరిన ఇంట్లో రోజూ ఒక పని ఉంది. రశీదు మాత్రమే చేరిన ఇంట్లో ఆ రశీదు చూరులో దోపి ఉంది.

గాంధీగారికి ఈ తేడా తట్టకపోలేదు. 1924 డిసెంబరులో బెల్గాం కాంగ్రెసుకు ఆయనే అధ్యక్షుడు. సభ్యత్వానికి నాలుగణాల బదులు నెలకు రెండువేల గజాల నూలు ఇవ్వాలన్న నియమం అప్పుడు వచ్చింది. సొంతంగా వడకలేనివాళ్ళు వేరొకరు వడికింది ఇవ్వొచ్చన్నారు. అయినా సభ్యులు పెరగలేదు, ఉన్నవాళ్ళూ తగ్గారు. ఏడాది తిరక్కుండానే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, నూలైనా సరే నాలుగణాలైనా సరే అని సడలించారు. సభ్యుడంటే పని చేసేవాడన్న ఆయన ఆలోచనలో నాకు తప్పు కనపడదు. ఆ పనిని గుమ్మం దగ్గరే పెట్టి, అది చేసినవాడే లోపలికి రావాలన్నారు చూశారా, అక్కడ వచ్చింది చిక్కు. మనిషి ముందు లోపలికి రావాలి. నేర్పేవాడు పక్కన ఉండాలి. అప్పుడు పని.

అది ఎలా జరుగుతుందో చూడాలంటే గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. తెల్లారుజామున కాళేశ్వరరావు మార్కెట్ వైపు వెళ్ళండి. సరుకుల హోల్‌సేల్ కొట్లు గొల్లపూడికి తరలిపోయాక బస్తాలెత్తే ముఠా జట్లు ఈ పేటలో పల్చబడ్డాయి గానీ, పూర్తిగా పోలేదు. లారీ ఆగుతుంది. దిగుమతి మొదలవుతుంది. పైన ఇద్దరు బస్తాను లారీ అంచుకు లాగుతారు, కిందివాడు వీపు ఇస్తాడు. పైవాడు ఎప్పుడు వదలాలి, కిందివాడు మెడ ఎంత వంచాలి, ఏ కాలు ముందు వెయ్యాలి, ఇదంతా ఒక కేకతో, ఒక మూలుగుతో నడిచే వ్యవహారం. జట్టులోకి కొత్త కుర్రాడొస్తే మొదటి రోజే లారీ కింద నిలబెట్టరు. లోపల బస్తాలు పేర్చేచోట పెడతారు. పక్కన ఒక పెద్దాయన ఉంటాడు. తలగుడ్డ ఎలా మడవాలో, కొక్కెం ఎక్కడ గుచ్చితే గోనె చిరగదో చూపిస్తాడు. తిడతాడు కూడా. ఆ తిట్టులో విసుగు తక్కువ, భయం ఎక్కువ. ఎందుకంటే కుర్రాడు అడుగు తప్పితే విరిగేది పెద్దాయన నడుం. దిగుమతి ఆలస్యమైతే కోత పడేది అందరి వాటాలోనూ.

జట్టుకు కొత్తవాడి అవసరం నిజంగా ఉంది కాబట్టి నేర్పుతుంది. మన సంఘాలకు కొత్తవాడు లేకపోయినా సాయంత్రం మీటింగు జరిగిపోతుంది, పాతవాళ్ళే మాట్లాడతారు, తీర్మానం పాస్ అవుతుంది. అందుకే ఎవరూ ఏమీ నేర్పరు. శాలువా మాత్రం కప్పుతారు.

అలాగని జట్టును ఆకాశానికెత్తబోవడం లేదు. జట్టులో చోటు దొరకడం అంత తేలిక కాదు. బావమరిదికో, సొంతూరివాడికో, కులంవాడికో దొరుకుతుంది. బయటివాడు ఏళ్ళ తరబడి బదిలీ మనిషిగానే మిగిలిపోవచ్చు. జట్టుకు నిలుపుకోవడం తెలుసు, పిలవడం తెలియదు. మన కాలనీ సంఘాలు, సాంస్కృతిక సంఘాలు, హక్కుల వేదికలు అందర్నీ పిలుస్తాయి, ఎవర్నీ నిలుపుకోలేవు. రెండూ తెలిసిన ఉద్యమం ఈ ఊళ్ళో కొంతకాలం నడిచింది. అది గ్రంథాలయోద్యమం, అందుకే నాకు అయ్యంకి వారు గుర్తొస్తారు.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. అప్పటికి అయ్యంకి వారికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. సంఘం పెట్టడం ఒక ఎత్తు, దాన్ని నడపడం ఒక ఎత్తు. తర్వాత 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక వచ్చింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ సభ జరిపించారు. మనం ఇప్పటికీ నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలుపెట్టేది దాన్ని బట్టే. ఇవన్నీ పేరున్న ఘట్టాలు. నా కన్ను మాత్రం 1920 దగ్గర ఆగుతుంది. ఆ ఏడు బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు పెట్టారు. జీతంలేని కుర్రాళ్ళకు శిక్షణ! ఇవాళ ఏ సంఘం తన కొత్త సభ్యుణ్ణి కూర్చోబెట్టి, మినిట్స్ ఎలా రాయాలో, చందా పుస్తకం ఎలా నింపాలో, కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాక రశీదు ఎందుకు తీసుకోవాలో చెబుతోంది?

పల్లెలో గ్రంథాలయం అంటే అప్పట్లో బీరువా, బల్ల, ఒక లాంతరు. కానీ దాని చుట్టూ ఎన్ని పనులు! పత్రిక వస్తే చదువురాని నలుగురికి పెద్దగా చదివి వినిపించాలి. ఇచ్చిన పుస్తకం రాసుకోవాలి, రానిదాని కోసం ఇంటికెళ్ళి అడగాలి. రాత్రి బడి నడపాలి. కొత్తగా వచ్చిన పదిహేనేళ్ళవాడికి ఇందులో ఏదో ఒకటి దొరుకుతుంది. వాడు ఆ రోజు రాకపోతే నలుగురు పత్రిక వినకుండా ఇంటికి పోతారు. వాడికి ఆ సంగతి తెలుసు. మర్నాడు ఒంట్లో బాగోకపోయినా వస్తాడు.

పాతూరి నాగభూషణం గారు దీన్ని ఇంకొంచెం ముందుకు లాగారు. ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేయించారు. 1935లో పెదపాలెం కేంద్రంగా కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. డెల్టా కాలువల్లో పడవ ప్రయాణం ఎలా ఉండేదో పెద్దవాళ్ళను అడగండి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నడిచేది, లాకుల దగ్గర ఆగేది, కూర్చున్నవాళ్ళకు కాలం గడవదు. ఆ గడవని కాలంలోకి పుస్తకం తీసుకెళ్ళారు. జనం గ్రంథాలయానికి రావడం లేదని వాపోకుండా, జనం ఎటూ కదలకుండా కూర్చునే చోటు ఎక్కడుందో వెతికారు. కొత్తవాళ్ళు రావడం లేదని బాధపడే కార్యదర్శులు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే చాలు.

1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. సెస్సు వచ్చింది, జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు. ఉద్యమం కోరుకున్నదే అది, వాళ్ళు గెలిచారు. అయితే గెలిచిన చోట సభ్యుడికి పని లేకుండా పోయింది. పత్రిక వెయ్యడానికి జీతగాడున్నాడు, పుస్తకం రాసుకోవడానికి జీతగాడున్నాడు. సభ్యుడు పాఠకుడిగా మిగిలాడు, పాఠకుడు మెల్లగా టీవీ దగ్గరికి వెళ్ళాడు. ఉద్యోగుల్ని తప్పుపట్టడం లేదు. చాలా శాఖా గ్రంథాలయాల్లో వాళ్ళే ఒంటరిగా కాపలా కాస్తున్నారు.

ఒక్క నాయకుడి చుట్టూ కట్టిన సంఘం గతి ఏమవుతుందో చెప్పడానికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి కంటే పెద్ద ఉదాహరణ మన జిల్లాలో లేదు. పెనుగంచిప్రోలులో పుట్టిన మనిషి. ఆయన రామదండు 1921 బెజవాడ సమావేశాల్లో జనాన్ని అదుపులో పెట్టిన దళం. అదే ఏడు ఆయన నాయకత్వంలో చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నుకు ఒప్పుకోక, ఇళ్ళు వదిలి, రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. గోపాలకృష్ణయ్యగారు బరంపురంలో అరెస్టై జైలుకు వెళ్ళాక ఆ పట్టు సడలింది. ఆయన గొంతుకు సాటి గొంతు లేదు. అంత గొప్ప గొంతు పక్కన రెండో గొంతు పెరగడమూ కష్టమే.

ఇక వర్తమానంలోకి వద్దాం. మన చిట్టినగర్, విద్యాధరపురం కొండల మీద ఇళ్ళు మెట్లుమెట్లుగా ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. అక్కడి డ్వాక్రా గ్రూపులే నన్నడిగితే ఇవాళ ఈ ఊళ్ళో జీవంగా ఉన్న సంఘాలు. పది పన్నెండుమంది ఆడవాళ్ళు, క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకం రాయడం. పంచసూత్రాలంటారు. వీటిని ప్రభుత్వ పథకమని తేలిగ్గా తీసెయ్యకండి. సభ్యురాలు రాకపోతే మిగతావాళ్ళు ఇంటికెళ్ళి తలుపు కొట్టే సంఘాలు మన ఊళ్ళో ఇంకెన్ని ఉన్నాయి?

వాటికీ ఒక చిక్కు వచ్చింది. గ్రూపు పెట్టి పదేళ్ళు, పదిహేనేళ్ళు దాటాయి. నెలకు వంద చొప్పున వేసుకున్నా పదేళ్ళకు మనిషికి పన్నెండు వేలు పొదుపు నిలిచింది, దాని మీద వడ్డీ. ఒకామె ఊరు వదిలి వెళ్ళింది, ఖాళీ వచ్చింది. కొత్తామెను చేర్చుకోవాలి. ఆమె పన్నెండు వేలు ఒక్కసారి కట్టి రమ్మంటే ఎక్కడ తెస్తుంది? కట్టకుండా వస్తే, మా పదేళ్ళ కష్టంలో ఆమెకు వాటా ఎందుకని పాతవాళ్ళు. ఇద్దరిదీ న్యాయమే. ఈ చిక్కు వల్ల చాలా గ్రూపులు కొత్తవాళ్ళను చేర్చుకోవడమే మానేశాయి. పాతవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, గ్రూపు వాళ్ళతో పాటే ముసలిదవుతోంది.

కొండమీద ఒక గ్రూపు దీన్ని విప్పిన తీరు నాకు నచ్చింది. కొత్తామె పొదుపుకు పుస్తకంలో వేరే పేజీ తెరిచారు. ఆమె లెక్క సున్నా నుంచి, పాత నిధి వడ్డీలో ఆమెకు వాటా లేదు. అప్పు మాత్రం ఆరు నెలలు క్రమంగా కట్టాక అందరితో సమానంగా. ఇది తెలివైన లెక్కే. అసలు తెలివి ఆ తర్వాతది. ఆమె పదో తరగతి పాసైంది. అప్పటిదాకా తీర్మానం పుస్తకం రాసేది ఒక్క లీడరే, కళ్ళజోడు మార్చాల్సి వచ్చినా ఆవిడే. రెండో సమావేశంలో పుస్తకం కొత్తామె ఒళ్ళో పెట్టారు. "నువ్వు రాయమ్మా, నేను చెబుతా" అంది లీడరు. ఎవరెంత తీసుకున్నారు, ఎవరు వాయిదా తప్పారు, పెళ్ళికి అప్పడిగితే ఎందుకు ఇవ్వలేదు, ఇవన్నీ రాయాలంటే అడగాలి. అడిగితే చెప్పాలి. రాస్తూ రాస్తూ ఆమె నెల తిరిగేసరికి పదేళ్ళ గ్రూపు చరిత్ర తెలుసుకుంది. ఆ చరిత్ర ఆమెకు ఉపన్యాసంగా చెప్పి ఉంటే ఆవలించి ఉండేది. లీడరు గారికి మాత్రం ఓ నెల రోజులు చెయ్యి ఊరికే ఉండలేదట. "అక్షరాలు అంత పెద్దవి రాస్తే పేజీలు అయిపోతాయి" అని సణిగేదట. పెద్దరికం వదులుకోవడం ఎవరికైనా కష్టమే. అక్కలకే కాదు, అన్నలకు మరీ.

చందా గురించి కూడా ఒక మాట. కొత్తవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని చాలా సంఘాలు చందా ఎత్తేశాయి, దాతల మీద బతుకుతున్నాయి. అమెరికాలో ద్రాక్షతోటల కూలీలను కూడగట్టిన సీజర్ చావెజ్ 1962లో సంఘం పెట్టినప్పుడు నెలకు మూడున్నర డాలర్ల చందా పెట్టాడు. ఆ కూలీలకు అది పెద్ద మొత్తం. బీదవాడు డబ్బు కడితేనే సంఘం తనదని అడిగే హక్కు వస్తుందన్నది ఆయన పట్టు. ఆయన్ను ఈ పనిలోకి దింపిన ఫ్రెడ్ రాస్ పెద్ద సభలు పెట్టేవాడు కాదు. ఎవరో ఒకరి ఇంట్లో, వాళ్ళు పిలిచిన నాలుగు కుటుంబాలతో కూర్చునేవాడు. లేచేలోపు, మీ ఇంట్లో ఎప్పుడు పెడదాం అని అడిగేవాడు. వచ్చినవాడు వెంటనే పిలిచేవాడయ్యాడు. మన అరుగుల మీద ఇది కొత్త సంగతేమీ కాదు. మైకు వచ్చాక అరుగు పోయింది, అంతే.

ఇక మీటింగు వేళలు. నోటీసులో ఆరు గంటలంటారు, ఏడున్నరకు మొదలవుతుంది. వస్త్రలత బట్టల కొట్లలో పనిచేసే గుమాస్తా కొట్టు కట్టేసరికి రాత్రి ఎంతవుతుందో మీకు తెలుసు. కొండమీద ఆడవాళ్ళకు కుళాయి వచ్చే వేళ వదిలి రావడం కుదరదు. కాబట్టి మామూలు రోజు సాయంత్రం ఆరు గంటల మీటింగుకు వచ్చేది రిటైరైనవాళ్ళే. యువత రావడం లేదని తీర్మానం చేసేదీ వాళ్ళే. వేళ మార్చకుండా ఆ బాధ పడటంలో అర్థం లేదు.

మీటింగు అయ్యాక పదిమంది టీ కొట్టు దగ్గర చేరతారు. అసలు మీటింగు అక్కడ. ఊరేగింపు ఏ వీధి నుంచి, వక్త ఎవరు, ఎవరిని పక్కన పెట్టాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి. హాల్లో చెయ్యెత్తిన కొత్తవాడికి మర్నాడు వేరే నిర్ణయం వినపడుతుంది. అతను ఎవరితోనూ దెబ్బలాడడు. రావడం మానేస్తాడు. 1970 ప్రాంతంలో అమెరికా మహిళా ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ ఈ సంగతే రాసింది. మాకు నాయకులు లేరు, పదవులు లేవు అని చెప్పుకునే సంఘాల్లో స్నేహితుల గుంపే కనపడని నాయకత్వమవుతుందని, కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ నిలదియ్యలేరని ఆవిడ వాదన. మన దగ్గర పదవులు బోలెడు ఉన్నా అదే జరుగుతోంది. టీ తాగొద్దని నేనెలా అంటాను? ఆ కొత్తవాణ్ణీ టీకి తీసుకెళ్ళండి. అతనెదుట మాట్లాడలేని మాట ఏదైనా ఉంటే, అది సంఘానికి పనికొచ్చే మాటేనా అని ఆలోచించండి.

టీ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ డెల్టాలో స్వాగతం నిజమా కాదా అన్నది, దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజుల నుంచీ, గ్లాసు దగ్గర తేలుతూ వచ్చింది. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకు తెచ్చారు. కులాల తేడా లేని సహపంక్తి భోజనాలను ఆయన తన ప్రచారంలో భాగం చేశారు. ఇప్పుడు గ్లాసులు ఒకటే అయ్యాయి, కనీసం టౌన్లో. పనులు ఒకటయ్యాయా? 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ తర్వాత దళిత మహాసభ ఏర్పడినప్పుడు, ఎర్రజెండా సంఘాల్లో ఏళ్ళుగా ఉన్న దళిత యువకులు చాలామంది అటు నడిచారు. వాళ్ళు ఎందుకు వెళ్ళారని అప్పట్లో చాలా సిద్ధాంత చర్చ జరిగింది. నాకు తోచింది చిన్నది. జెండా మొయ్యడం, లారీ ఎక్కించడం, పోస్టరు అంటించడం వాళ్ళ పని. తీర్మానం రాయడం ఇంకొకరి పని. కొత్తవాడికి పని ఇస్తే నిలుస్తాడని ఇంతసేపూ అన్నాను కదా, ఏ పని ఇస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. కుర్చీలు వేసే పని పదేళ్ళు ఒకడికే ఇస్తే అతను సభ్యుడు కాడు, కూలి తీసుకోని కూలివాడు.

2024 సెప్టెంబరు మనకు ఇంకా పచ్చిగానే ఉంది. బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, ఇటు ఊర్మిళానగర్, కబేళా వైపు నీళ్ళు నిలిచిపోయాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. మునుపెన్నడూ అంత నీరు పోలేదు. ఆ వారం కుర్రాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియదు. నడుం లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని తిరిగారు. యువతకు సామాజిక స్పృహ లేదన్న మాట ఆ తర్వాత నేను వినదల్చుకోలేదు. మన సంఘాలన్నీ వాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకున్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో కలిపాయి. ఆ తర్వాత వాళ్ళకు మననుంచి వెళ్ళినవేమిటి? దసరా శుభాకాంక్షలు, దీపావళి శుభాకాంక్షలు, పెద్దల జయంతులు. ఒక్కణ్ణి పిలిచి, బాబూ, మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇంటింటికీ అడిగి రాసుకురా, పరిహారం అందని ఇళ్ళు ఏవో చూడు అని అడిగామా? అడిగి ఉంటే పదిమందిలో ముగ్గురు చేసి ఉండేవాళ్ళు. ఆ ముగ్గురు చాలు ఏ సంఘానికైనా.

వరద కుర్రాళ్ళ గురించి ఇంకో సంగతి. అందరూ నిలవాలని కోరుకోవడం కూడా సరికాదు. కొంతమంది ఒక పని కోసం వస్తారు, అది చేసి వెళతారు. వాళ్ళను ద్రోహుల్లా చూడొద్దు. మర్యాదగా పంపిస్తే మళ్ళీ ముంపు వచ్చినప్పుడు వాళ్ళే ముందొస్తారు. వెళ్ళినవాడికి ఒక ఫోన్ చేసి, ఎందుకు రావడం లేదని కాకుండా, ఎలా ఉన్నావని అడిగే కార్యదర్శులు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాళ్ళ సంఘాలు బాగానే నడుస్తున్నాయి.

చివరికి మన పేట సంగతి. వన్ టౌన్ సంఘాల రిజిస్టర్లు తిరగేస్తే పేర్లన్నీ సొంత ఇళ్ళవాళ్ళవి, సొంత కొట్లవాళ్ళవి. సందుల్లో అద్దెకుండేవాళ్ళు ఎంతమంది? శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాపీ పనికి వచ్చినవాళ్ళు, ఒడిశా, బీహారు నుంచి వచ్చి కొట్లలో, గోడౌన్లలో పనిచేస్తున్నవాళ్ళు. ఆరు నెలల్లో ఇల్లు మారతారు కదా, వాళ్ళను చేర్చుకుని ఏం లాభమంటారు. డ్రైనేజీ పొంగితే మొదట నీళ్ళొచ్చేది వాళ్ళ కింది గదుల్లోకే. ఇల్లు మారినా చాలామంది మారేది పక్క సందులోకే.

నా సూచన ఒకటి ఉంది, ఈ సభ ముగిశాక కమిటీవారు చర్చకు పెట్టుకుంటామన్నారు. హిందీ, ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలు ఇస్లాంపేటలో, వించిపేటలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో నలుగురిని, సభ్యులుగా చేరి ఒక నెల కూడా కానివాళ్ళనే, అద్దెవాళ్ళ ఇళ్ళకు పంపుదాం. కమిటీలోంచి తోడు ఒక్కరే వెళ్ళాలి, అతను మాట్లాడకూడదు. కుళాయి ఎన్నింటికి వస్తోంది, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, రేషన్ కార్డు ఏ ఊళ్ళో ఉంది, ఈ మూడూ అడిగి రాసుకొస్తే చాలు. వచ్చే నెల సమావేశంలో ఆ కాగితాలు చదివేది ఆ పిల్లలే. సమావేశం ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. వేదిక మీద ఇన్ని కుర్చీలు అక్కర్లేదు.